119 మ్యాచ్‌లు చూసి 64 మిలియన్ డాలర్లు: జాక్ హ్యూస్ కాంట్రాక్ట్ గిట్టుబాటు అయిందా?

2021 నవంబర్ 30న ఐస్ హాకీ జట్టు న్యూజెర్సీ డెవిల్స్ ఇరవై ఏళ్ల జాక్ హ్యూస్‌తో ఎనిమిదేళ్లకు 64 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుంది. అంటే సగటున ఏడాదికి 8 మిలియన్లు. అప్పటికి అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ఆడింది 119 మ్యాచ్‌లు. మొదటి రెండు సీజన్లలో కలిపి 117 మ్యాచ్‌లకు 52 పాయింట్లు (ఐస్ హాకీలో గోల్‌కీ అసిస్ట్‌కీ, అంటే గోల్‌కి దారితీసిన పాస్‌కీ, ఒక్కో పాయింట్), అంటే రెండు మ్యాచ్‌లకు ఒకటి కూడా లేదు. పైగా మూడో సీజన్ రెండో మ్యాచ్‌లోనే భుజం జారింది, వారాల తరబడి బయట కూర్చుని, మళ్లీ మంచు మీదకి దిగిన రోజే ఈ సంతకం. 2019 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి పిక్ అన్న పేరు తప్ప చేతిలో ఏముందని ఇంత డబ్బు అని అడిగినవాళ్లు చాలామందే.

ఆటగాళ్ల కాంట్రాక్టులకు విలువ కట్టడం నా పని, అందుకే ఈ ఒప్పందాన్ని ఒక కేసుగా పూర్తిగా విప్పి రాస్తున్నాను. "అంత డబ్బుకి తగినవాడేనా" అని అడిగితే చాలామంది వెంటనే పోయిన సీజన్ పాయింట్లు తీసి చూపిస్తారు. నేను పాయింట్లు చివర్లో చూస్తాను. ముందు చూసేది ఆ డబ్బుతో జట్టు ఏ వయసు సంవత్సరాలు కొన్నది, ఆ మొత్తం శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల ఖర్చుకి లీగ్ పెట్టే పరిమితి) ఎంత శాతం, మనిషి ఎన్ని మ్యాచ్‌లు ఆడగలడు అన్నవి. హ్యూస్ విషయంలో మొదటి రెండూ జట్టుకి బ్రహ్మాండంగా కలిసొచ్చాయి. మూడోదే టెన్షన్.

ఏ సంవత్సరాలు కొన్నారు

ఇది చాలామంది పట్టించుకోని సంగతి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఎన్‌హెచ్‌ఎల్‌లో పద్దెనిమిదేళ్లకి వచ్చిన కుర్రాడు మొదట మూడేళ్ల ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్ మీద ఆడతాడు, జీతానికి గట్టి పరిమితి ఉంటుంది. అది అయ్యాక రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు. పేరులో ఫ్రీ ఉన్నా అసలు స్వేచ్ఛ తక్కువే, వేరే జట్టు ఆఫర్ ఇచ్చినా పాత జట్టు అంతే ఇచ్చి అతన్ని ఉంచేసుకోవచ్చు. 27 ఏళ్లు నిండడమో, ఏడు సీజన్లు పూర్తికావడమో జరిగితేనే ఎక్కడికైనా వెళ్లగల నిజమైన ఫ్రీ ఏజెంట్ అవుతాడు. ధరలు పేలిపోయేది అక్కడే.

హ్యూస్ 2019లో మొదలుపెట్టాడు కాబట్టి 2026 వేసవికి ఏడు సీజన్లు పూర్తి. ఇప్పుడు ఆ ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్‌ని దీని మీద పరిచి చూడండి. అది 2022-23లో మొదలై 2029-30తో ముగుస్తుంది. మొదటి నాలుగేళ్లు ఎలాగూ జట్టు చేతిలో ఉన్నవే, ఆఖరి నాలుగేళ్లు మాత్రం అతను బహిరంగ మార్కెట్‌లో తనకు నచ్చిన ధరకి అమ్ముకోగలిగినవి. అంటే 2026 నుంచి 2030 వరకు, తన 25 నుంచి 28 ఏళ్ల వయసుని, ఇరవై ఏళ్లప్పటి ధరకే జట్టుకి ఇచ్చేశాడు. ఫార్వర్డ్‌లకి (గోల్ కోసం దాడిచేసే ఆటగాళ్లు) ఆటలో ఉత్తమమైన కాలం సాధారణంగా ఇరవైల మధ్య భాగమే. ఆ భాగం మొత్తం ఈ కాంట్రాక్ట్ లోపలే ఉంది. ముదురు వయసు ఒక్క ఏడాది కూడా లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన కేసు కావాలంటే జోనథన్ హ్యూబర్డో. ఫ్లోరిడాలో 2021-22లో 115 పాయింట్లు కొట్టాడు, ఆ వేసవిలో ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) అయి కాల్గరీకి వచ్చాడు, ఆ జట్టు వెంటనే ఏడాదికి 10.5 మిలియన్ల చొప్పున ఎనిమిదేళ్లు రాసిచ్చింది. కొత్త కాంట్రాక్ట్ అమల్లోకి వచ్చేసరికి అతనికి 30 ఏళ్లు. కాల్గరీలో తొలి సీజన్ 55 పాయింట్లు, తర్వాతిది 52. అక్కడ కొన్నది అయిపోయిన సీజన్. పాయింట్ల పట్టిక ఎంత ఘనంగా ఉన్నా అది గడిచిన కాలం లెక్క అని నేను పదేపదే గొణిగేది ఇందుకే.

క్యాప్‌లో వాటా

డాలర్లు చూసి కంగారుపడేవాళ్లకి ఒక మాట. ఈ లీగ్‌లో ప్రతి జట్టూ జీతాల మీద పెట్టే ఖర్చుకి గట్టి గరిష్ఠ పరిమితి ఉంది, దాన్ని దాటడానికి వీల్లేదు, లగ్జరీ ట్యాక్స్ (పరిమితి దాటినందుకు పన్ను) కట్టి తప్పించుకునే దారీ లేదు. ఆ పరిమితి లీగ్ ఆదాయంతో ముడిపడి ఉంటుంది. కాబట్టి 8 మిలియన్లు ఎక్కువా తక్కువా అన్నది ఆ ఏడాది క్యాప్ ఎంత అన్నదాన్ని బట్టే తేలుతుంది.

సంతకం రోజున క్యాప్ 81.5 మిలియన్లు. కోవిడ్ వల్ల ఆదాయం పడిపోయి మూడు సీజన్ల పాటు అక్కడే గడ్డకట్టుకుపోయింది. మళ్లీ ఎప్పుడు కదులుతుందో తెలియని ఆ రోజుల్లో ఎనిమిదేళ్ల మాట ఇవ్వడమంటే ధైర్యమే. 81.5లో 8 అంటే 9.8 శాతం. తర్వాత క్యాప్ 82.5, 83.5, 88, 2025-26కి 95.5 మిలియన్లు అయింది. 2025 జనవరిలో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ప్రకటించిన అంచనాల్లో 2026-27కి 104, 2027-28కి 113.5 మిలియన్లు ఉన్నాయి. అదే 8 మిలియన్లు 2025-26లో 8.4 శాతం, 104లో 7.7 శాతం, 113.5లో 7 శాతం. అతను ఏమీ చేయకపోయినా, ఇంట్లో కూర్చున్నా, జట్టుకి ఏటా చవకవుతూనే ఉంటాడు.

మరి అలాంటి ఆటగాడి మార్కెట్ ధర ఎంత? 2025లో మిక్కో రాంటనెన్ డాలస్‌తో, మిచ్ మార్నర్ వేగాస్‌తో చేసుకున్న ఒప్పందాలు రెండూ ఎనిమిదేళ్లు, ఏడాదికి 12 మిలియన్లు. ఇద్దరూ అప్పటికి 28 ఏళ్ల వాళ్లు, మంచి సీజన్‌లో వంద పాయింట్లు తాకేవాళ్లు. ఆ 12 మిలియన్లు 95.5లో దాదాపు 12.6 శాతం. నెలల తేడాలోనే మినెసోటా జట్టు కిరిల్ కప్రిజోవ్‌కి 2026-27 నుంచి ఏడాదికి 17 మిలియన్లు ఒప్పుకుంది, అది 104లో 16 శాతం పైమాటే. కప్రిజోవ్‌ని పోలికగా పెట్టను, అది మరీ పైమెట్టు. మార్నర్, రాంటనెన్ ధర చాలు.

ఆట సంగతి

ఇప్పుడు పాయింట్లు. కాంట్రాక్ట్ అమల్లోకి వచ్చిన మొదటి సీజన్ 2022-23లో 78 మ్యాచ్‌లు, 43 గోల్స్, 56 అసిస్టులు, మొత్తం 99. డెవిల్స్ చరిత్రలో ఒక సీజన్‌లో ఎవరూ అన్ని పాయింట్లు చేయలేదు, పాత రికార్డు పాట్రిక్ ఎలియాష్ పేరున ఉన్న 96. జట్టు లీగ్ పట్టికలో 112 పాయింట్లతో (ఇవి మ్యాచ్ ఫలితాలకి జట్టుకి వచ్చేవి) తన సొంత రికార్డు బద్దలు కొట్టి, ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) మొదటి రౌండ్లో న్యూయార్క్ రేంజర్స్‌ని ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఓడించింది. 2023-24లో హ్యూస్ 62 మ్యాచ్‌లకు 74 పాయింట్లు, 2024-25లో మళ్లీ 62 మ్యాచ్‌లకు 70.

మూడేళ్లు కలిపితే 202 మ్యాచ్‌లు, 243 పాయింట్లు. మ్యాచ్‌కి 1.2, పూర్తి 82 మ్యాచ్‌ల సీజన్‌కి సాగదీస్తే సుమారు 98. ఆడినప్పుడు అతను మార్నర్ స్థాయి ఆటగాడే, అందులో వాదన లేదు. లోపాలూ ఉన్నాయి. ఫేసాఫ్‌లలో (ఆట మొదలయ్యేటప్పుడు పక్ అనే రబ్బరు బిళ్ల కోసం ఇద్దరు పోటీపడడం) బలహీనం, ఒంట్లో బరువు తక్కువ, కష్టమైన డిఫెన్స్ డ్యూటీ ఎక్కువగా కెప్టెన్ నీకో హిషియర్ మీద పడుతుంది. సెంటర్‌గా (మధ్యలో ఉండే ఫార్వర్డ్) ఆడేవాడికి ఇవి చిన్నవి కావు, నేను విలువ కట్టేటప్పుడు కొంత కోత పెడతాను, అయితే 8 మిలియన్ల దగ్గర ఆ కోత లెక్కని తిప్పేంత పెద్దది కాదు.

ఇదంతా 2021లోనే తెలుసా?

పూత మీద ఉండగానే మామిడితోట గుత్తకి తీసుకునేవాడు ఎంత కాస్తుందో ఊహించి డబ్బు కడతాడు, గాలివాన వస్తే నష్టం అతనిదే. జనరల్ మేనేజర్ టామ్ ఫిట్జ్‌జెరాల్డ్ చేసింది అదే. గుడ్డి ఊహ మాత్రం కాదు. మొదటి రెండు సీజన్లలో హ్యూస్ కొట్టిన షాట్లలో గోల్ అయినవి ఏడు శాతం లోపే, ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలు ఫార్వర్డ్ కూడా అంతకంటే మెరుగ్గా ఉంటాడు. పక్‌ని ప్రత్యర్థి జోన్‌లోకి తీసుకెళ్లడం, పాస్‌తో అవకాశాలు సృష్టించడం అప్పటికే కళ్లకి కనిపిస్తున్నాయి. అవకాశాలు పుడుతున్నాయి, పక్ మాత్రం లోపలికి వెళ్లట్లేదు. షాట్లు గోల్స్‌గా మారే శాతం ఏడాదికేడాది విపరీతంగా ఊగే అంకె, అది మరీ అడుగున ఉన్న రోజుల్లో ఆటగాణ్ని కొంటే మీరు చవకగా కొన్నట్టే. 2022-23లో అది దాదాపు 13 శాతానికి వచ్చింది, 43 గోల్స్ అయ్యాయి.

ఇక్కడే జాష్ నోరిస్ కేసు పక్కన పెట్టి చూడాలి. నేను కావాలని వెతికినా ఇంతకంటే మంచి జత దొరకదు. 2022 జులైలో ఒట్టావా సెనేటర్స్ అతనికి ఎనిమిదేళ్లకి 63.6 మిలియన్లు ఇచ్చింది, ఏడాదికి 7.95, హ్యూస్ ధరే అనుకోండి. కారణం 2021-22లో 66 మ్యాచ్‌లకు 35 గోల్స్. అయితే ఆ ఏడాది అతని షాట్లలో దాదాపు ఐదోవంతు గోల్స్ అయ్యాయి, ఎవరికీ ఏళ్ల తరబడి నిలిచే శాతం కాదది. తర్వాత భుజం గాయం, 2022-23లో 8 మ్యాచ్‌లు, 2023-24లో 50 మ్యాచ్‌లు 30 పాయింట్లు, 2025 మార్చిలో బఫెలోకి ట్రేడ్. కాగితం మీద చూస్తే నోరిస్‌ది నిరూపించుకున్న కుర్రాడికి ఇచ్చిన సురక్షితమైన డబ్బు, హ్యూస్‌ది జూదం. నిజానికి తారుమారు. ఒకర్ని శాతం నేలమీద ఉన్నప్పుడు కొన్నారు, ఇంకొకర్ని ఆకాశంలో ఉన్నప్పుడు.

భుజం విషయంలో మాత్రం ఇద్దరి కథా ఒకటే అయ్యుండేది, ఆ మాట దాచను.

బ్రిడ్జ్ డీల్ చేసుంటే?

జట్టుకి ఉన్న ఇంకో దారి ఇది. రెండుమూడేళ్ల చిన్న కాంట్రాక్ట్ ఇచ్చి, ఆట తేలాక పెద్దది రాసుకోవడం. వినడానికి జాగ్రత్తగా ఉంటుంది, అభిమానులకి నచ్చుతుంది కూడా. ఊహాగానాలు అక్కర్లేదు, ఆ శరదృతువులోనే వాంకూవర్ కనక్స్ సరిగ్గా ఇదే పని ఎలియాస్ పెటర్సన్ విషయంలో చేసింది. 2021 అక్టోబర్‌లో మూడేళ్లకి ఏడాదికి 7.35 మిలియన్లు. అతను 2022-23లో 102 పాయింట్లు కొట్టాడు. 2024 మార్చిలో ఎనిమిదేళ్లకి ఏడాదికి 11.6 మిలియన్లు రాయాల్సి వచ్చింది. ఆ రెండు ఒప్పందాల నుంచి వరుసగా ఎనిమిదేళ్లు తీసుకుంటే, మూడేళ్లకి 22.05, ఐదేళ్లకి 58, మొత్తం 80 మిలియన్లు. హ్యూస్‌కి అదే ఎనిమిదేళ్లకి 64.

పోలిక నూటికి నూరుపాళ్లు సరిపోదు. 2021 నాటికే పెటర్సన్ 165 మ్యాచ్‌లకు 153 పాయింట్లు చేసినవాడు, అతని మొదటి ధరే ఎక్కువ. అయినా దిశ చూడండి. ఆట తేలే వరకు ఆగడమంటే, తేలిన రోజున పూర్తి ధర కట్టడానికి ఒప్పుకోవడం. ఇంకా దారుణం ఏమిటంటే అంత ఆగి, చూసి, నిరూపణ అయ్యాక డబ్బిచ్చినా భరోసా దొరకలేదు. పెద్ద కాంట్రాక్ట్ మొదటి సీజన్ 2024-25లో పెటర్సన్ 64 మ్యాచ్‌లకు 45 పాయింట్లకి పడిపోయాడు.

హ్యూస్ విషయంలో మూడేళ్ల బ్రిడ్జ్ అయితే 2025లో ముగిసేది, అతను ఫ్రీ ఏజెంట్ కావడానికి ఇంకో ఏడాదే మిగిలేది. నాలుగేళ్ల బ్రిడ్జ్ అయితే నేరుగా గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలేసినట్టే.

గాయాల లెక్క

అందరూ అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. మూడు సీజన్లలో 246 మ్యాచ్‌లుంటే హ్యూస్ ఆడింది 202, దాదాపు 18 శాతం పోయాయి. 2024 ఏప్రిల్‌లో భుజానికి సర్జరీ, 2025 మార్చిలో మళ్లీ భుజానికే సర్జరీ, ఆ సీజన్ ప్లేఆఫ్స్ పూర్తిగా మిస్, కరొలైనా చేతిలో జట్టు మొదటి రౌండ్‌లోనే ఇంటికి. 2025 నవంబర్‌లో ఆట బయట జరిగిన ప్రమాదంలో వేలికి సర్జరీ. ఆ ఆఖరిదాన్ని నేను గాయాల చరిత్రలో కలపను, అది దురదృష్టం. భుజం మాత్రం దురదృష్టం కాదు, అది రిస్క్, దానికి ధర కట్టాలి.

నేను కట్టే పద్ధతి మొరటుగానే ఉంటుంది. బాగా ఆడే స్టార్ మామూలుగా సీజన్‌కి 78 మ్యాచ్‌లు ఆడతాడనుకుందాం, ఆ ఆటకి మార్కెట్ ధర 12 మిలియన్లు. హ్యూస్ 62 మ్యాచ్‌లే ఆడితే ఆ ఆట విలువ 9.5 మిలియన్లు. కట్టేది 8. ఇంకా మిగులే. సమానం కావాలంటే 52 మ్యాచ్‌లకి దిగాలి. "రెండు భుజం సర్జరీలైనవాడికి ఎవరు పన్నెండిస్తారు" అంటారా, సరే, 11 పెట్టండి, సమానమయ్యే గీత 57 మ్యాచ్‌ల దగ్గర పడుతుంది. అది 2025-26 మార్కెట్. క్యాప్‌తో పాటు ధర కూడా అదే శాతంలో పెరిగితే 12 మిలియన్ల ఆట 2026-27లో 13 మిలియన్లు, 2027-28లో 14 మిలియన్లు దాటుతుంది, అప్పుడు గీత వరుసగా 48కి, 44కి జారిపోతుంది. అంటే సీజన్‌లో సగానికి కాస్త పైన ఆడితే చాలు, జట్టు డబ్బు జట్టుకి వచ్చేస్తుంది.

ఈ లెక్కలో పట్టనిది ఒకటుంది. మ్యాచ్‌లన్నీ ఒకే విలువ కావు. నవంబర్‌లో పోయిన 20 మ్యాచ్‌లు వేరు, ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ పోవడం వేరు. ఎక్కువ కాలం గాయంతో ఉన్న ఆటగాడి జీతానికి క్యాప్‌లో వెసులుబాటు దొరికే నిబంధన ఉంది, కానీ మార్చిలో ఆ డబ్బు చేతికొచ్చినా దానితో ఇంకో హ్యూస్‌ని కొనలేరు. 2024-25 వరకు కాంట్రాక్ట్‌లో మూడేళ్లు అయ్యాయి, అతను ఆడిన ప్లేఆఫ్స్ మ్యాచ్‌లు 12 మాత్రమే, అన్నీ 2023లోనివే. డెవిల్స్ అభిమాని కోపం నాకు అర్థమవుతుంది. కాకపోతే 2024లో జట్టు ప్లేఆఫ్స్‌కే రాలేదు, అందులో గోల్ కాపలా సరిగ్గా లేకపోవడం పెద్ద కారణం, దాన్ని హ్యూస్ ఖాతాలో రాయడం అన్యాయం.

మిగిలిన డబ్బు ఎక్కడికి పోయింది

క్యాప్ లీగ్‌లో చవక కాంట్రాక్ట్ అంటే బ్యాంకులో పడే లాభం కాదు. మిగిలింది ఇంకొకరి మీద పెడితేనే దానికి అర్థం. 2025-26లో హ్యూస్ 8, హిషియర్ 7.25, యెస్పర్ బ్రాట్ 7.875, ముగ్గురూ కలిపి 23 మిలియన్లు, క్యాప్‌లో 24 శాతం. ముగ్గురు మొదటి లైన్ ఫార్వర్డ్‌లకి అది చాలా తక్కువ. టొరంటో 2024-25లో మాథ్యూస్, నీలాండర్, మార్నర్‌లకి కలిపి క్యాప్‌లో 40 శాతం పెట్టింది. హ్యూస్ 8 తీసుకున్నాడు కాబట్టి బ్రాట్‌తో బేరమాడేటప్పుడు "జాక్ కంటే ఎక్కువ ఎలా ఇస్తాం" అనే మాట జట్టు నోట ఉండేది, బయట ఎవరూ లెక్కలో వేయని లాభం ఇది. ఎప్పటికీ పనిచేయలేదనుకోండి, 2023లోనే టీమో మైయర్‌కి 8.8 ఇచ్చారు, 2025 అక్టోబర్‌లో జాక్ సొంత తమ్ముడు ల్యూక్‌కి ఏడేళ్లకి ఏడాదికి 9 ఇచ్చారు. ఇంట్లో అన్నయ్య కంటే తమ్ముడి జీతమే ఎక్కువన్నమాట.

మిగుల్ని జట్టు బాగా వాడిందా అంటే, నా దృష్టిలో సగమే. అది మాత్రం ఈ కాంట్రాక్ట్ తప్పు కాదు.

కుర్రాడు మోసపోయాడా?

నేను అలా అనుకోను. ఇరవై ఏళ్లు, జారిన భుజం అప్పుడే కుదురుకుంది, క్యాప్ గడ్డకట్టి ఉంది, ఎదురుగా 64 మిలియన్ల కాగితం. ఆ రోజు నేను అతని ఏజెంట్ పక్కన కూర్చున్నా సంతకం పెట్టమనే చెప్పేవాణ్ని, కాకపోతే ఆరేళ్లకి లాగడానికి గట్టిగా పట్టుబట్టేవాణ్ని. నష్టం ఎంతో లెక్కకట్టొచ్చు. 2026-27, 2027-28 రెండు సీజన్లకే మార్కెట్ ధరకీ అతని జీతానికీ తేడా 11 మిలియన్లు దాటుతుంది. అది అతను కట్టిన బీమా ప్రీమియం. తర్వాత రెండు సర్జరీలు జరిగాయి కాబట్టి ఆ బీమా దండగ అని అతను కూడా అనడేమో.

నా తీర్పు మారాలంటే రెండిట్లో ఒకటి జరగాలి. వరుసగా రెండు సీజన్లు 45 మ్యాచ్‌లు కూడా ఆడలేకపోవడం, లేదా భుజం వల్ల షాట్ దెబ్బతిని, ఆడిన రోజుల్లోనే మ్యాచ్‌కి 0.8 పాయింట్ల కిందకి పడిపోవడం. మొదటిది జరగొచ్చు. రెండో దానికి 2024-25 వరకు అంకెల్లో సూచన ఏదీ లేదు, గాయంతో మధ్యలో ఆగిన ఆ సీజన్లో కూడా మ్యాచ్‌కి 1.13 ఉంది.

2029 జులై 1 నుంచి పొడిగింపు మాట్లాడుకోవచ్చు. అప్పటికి కొత్త నిబంధనల ప్రకారం సొంత జట్టు కూడా ఏడేళ్లకి మించి ఇవ్వలేదు, కొనబోయేవి 29 నుంచి 35 ఏళ్ల సంవత్సరాలు, అడిగేది ఎనిమిదేళ్ల నాటి మేలుకి బదులు కలిపిన ధర. ఆ బేరంలో ఎవరైనా ఈ 64 మిలియన్ల కాంట్రాక్ట్‌ని సాక్ష్యంగా బల్ల మీద పెడితే నేను చూడను కూడా చూడను, హ్యూబర్డో ఫైలు తెరవమంటాను.